నున్నటి గొట్టం

పురానీ హవేలీ వెనుక గల్లీల
సకీనా పాషా ఇంట్ల, మేడ మీది అర్రల,
రజాయి పరిచిన తఖ్తు మీద పండబెట్టిండ్రు దాన్ని
పురిటి బిడ్డను పండబెట్టినట్టు.

కటకం మనోహర్ సేటు నా చెవుల అన్నడు:
"మూడున్నర లక్షలంటున్నది ముసలామె.
అసలైతే ఇస్త.
నకలైతే శామీర్‌పేట ఫాంహౌస్‌ల గోడకెందుకు బరువు?"

నేనేమన్లె.
గోషామహల్ ఆయుధాల కొట్ల ముప్పై ఒక్క ఏండ్లు
నూనె గుడ్డ పట్టిన చేతులియ్యి.
ముందుగాల లైసెన్సు కాయితం అడిగిన,
తర్వాత అద్దాలు తుడుచుకున్న.
తుపాకి తోని తొందర పనికిరాదు,
నింపి ఉన్నా, నూరేండ్ల సంది ఖాళీ ఉన్నా.

మొదలు కర్ర చూసిన. అక్రోటు కర్ర.
చాయ్ డికాషన్ పూసి ముసలితనం తెచ్చేటోళ్లు
జుమ్మేరాత్ బజార్ల వారానికిద్దరు దొరుకుతరు.
వాళ్ల నలుపు అంతట ఒక్కతీరుగ ఉంటది.
మనిషి చెమట గట్లుండదు,
దవడ ఆనిన కాడ ఒక తీరు,
అరచెయ్యి జారిన కాడ ఇంకో తీరు.
ఇది చెమటే.
ఇత్తడి మడమ మీద పల్టన్ నంబరు రెండు వందల పదిహేడు,
ఏడు అరిగి సగమే మిగిలింది.

తర్వాత ఘోడా పక్క రేకు.
కిరీటమున్నది, సాలు ఉన్నది,
ఎన్‌ఫీల్డ్ అని పేరున్నది.
ఆ పేరుల ‘ఎన్’ అక్షరం
అద్దంల చూసినట్టు తిరగబడి ఉన్నది.
చెక్కినోనికి ఇంగ్లీషు రాదు,
బొమ్మ లెక్క దించిండు పాపం.
"ఈ రేకు నకలు" అన్న.
పాషా నా దిక్కు చూడలె,
పాన్‌దాన్ మూత మీద సున్నం మరక గీకుకుంట కూసున్నది.

మూడు పట్టీలిప్పి గొట్టం పైకి తీసిన.
దారానికి కట్టిన చిన్న బల్బు లోపలికి విడిచిన,
బాయిల బొక్కెన విడిచినట్టు.
సేటు ఒక కన్ను మూసి వంగిండు.
"గీతలేవి? ఫోన్ల చూసిన,
మూడు గీతలు మెలిక తిరిగి ఉండాలె.
ఇది నీళ్ల పైపు లెక్క నున్నగుంది గద!
గొట్టం గుడ నకలే. పోదాం పా."

"ఆగు సేట్" అన్న.
"యాభై ఏడు గదర్ అయినంక
తెల్లోనికి నిద్ర పట్టలె.
మన జవాను చేతుల దూరం కొట్టే తుపాకి
ఉండొద్దనుకున్నడు.
బయట అదే పొడుగు, అదే కర్ర, అదే కిరీటం.
లోపల గీతలు లేకుంట చేసి ఇచ్చిండు.
వీడు సలాం కొట్టి భుజానేసుకున్నడు.
గుండు పక్కకు పోతే తిట్లు మాత్రం వీని కంటికి.
ఈ నంబరు కింద గీతలు కనబడితేనే
నేను అనుమానపడాలె."

పాన్‌దాన్ కాడ చెయ్యి ఆగింది.
"మా మామగారి తాత బొల్లారం పల్టన్ల ఉండె" అన్నది పాషా.
"చాంద్‌మారీల ఎన్నడు నిషానా కొట్టలేదంట.
చూక్ మియా అని పేరు పెట్టిండ్రు.
పెండ్లిల్ల, దావత్‌ల నాలుగు తరాలు నవ్వినం.
నేను గుడ నవ్విన, కొత్త కోడలిగ వచ్చిన రోజే."

అర్రల ఫ్యాను కిర్రుమంటున్నది.

ధర చెప్పుడు నా పని గనుక చెప్పిన:
"కర్ర అసలు, గొట్టం అసలు, రేకు అబద్ధం.
మరల నోళ్లు ఎవడో నాశనం చేసిండు.
లక్షా పది వేలు. అంతకు మించి నా నోట రాదు."
సేటు తొంబై అన్నడు, తొంబై అయిదు అన్నడు,
ఫోను మోగితే కిందికి దిగి పోయిండు.

పాషా బేరం మాట ఎత్తలె.
"జర నాక్కూడా చూపియ్యి బాబా" అన్నది.
గొట్టం మూతి ఆమె కంటి దాక లేపి పట్టుకున్న.
ఎడమ కన్ను మూసుడు రాక
చున్నీ కొంగు అడ్డం పెట్టుకున్నది.
చూస్తనే ఉన్నది.

గల్లీల కారు హారన్ కొడుతున్నది.
నా చేతులు గుంజుతున్నయి, గొట్టం బరువు.
బల్బు ఎర్రబడుతున్నది లోపల.
బ్యాటరీ నాదే, అయిపోతే అయిపోనీ అనుకున్న.